పాల కేంద్రంలో బాయిలర్‌కు బదులు హీట్ పంపు: ప్రాజెక్టు డైరీ

జూలై 20, 2025

ప్రకాశం జిల్లాలో టంగుటూరు నుంచి కొండపి వెళ్లే దారిలో చుట్టుపక్కల గ్రామాల పాడి రైతులు కలిసి నడుపుకుంటున్న ఒక చిన్న పాల కేంద్రం ఉంది. రోజుకు సుమారు 5,000 లీటర్ల పాలు, అందులో ఎక్కువ భాగం గేదె పాలు, రెండు పూటలా క్యాన్లలో ఇక్కడికి చేరతాయి. వచ్చిన పాలను 4 డిగ్రీలకు చల్లబరచి నిల్వ చేస్తారు. తరువాత 72 డిగ్రీల వద్ద 15 సెకన్ల పాటు ఉంచి పాశ్చరైజ్ చేసి, మళ్లీ చల్లబరచి ప్యాకెట్లలో నింపుతారు. పాశ్చరైజర్‌కు, గొట్టాలు కడగడానికి, క్యాన్లు, ట్రేలు శుభ్రం చేయడానికి కావలసిన వేడి అంతా కేంద్రం వెనుక ఉన్న కట్టెల స్టీమ్ బాయిలర్ నుంచే వస్తోంది. ఆ బాయిలర్ పాతబడింది. దాని స్థానంలో మరో బాయిలర్ కొనాలా, వేరే మార్గం ఏదైనా ఉందా అని పాలకవర్గం నన్ను అడిగింది. హీట్ పంపు, అంటే చుట్టూ ఉన్న వేడిని కరెంటు సాయంతో పోగుచేసి నీటిని కాచే యంత్రం, పెట్టడం సాధ్యమేమో చూద్దామని నేను చెప్పాను. ఈ డైరీ ఆ పని గురించిన నమోదు.

ఈ నెల 15న పానిపట్‌లో కేంద్ర విద్యుత్ శాఖ అడీటీ పథకాన్ని ప్రారంభించింది. చిన్న పరిశ్రమలు తక్కువ ఇంధనంతో పనిచేసే యంత్రాలకు మారడానికి తీసుకునే రుణంపై సూక్ష్మ, చిన్న సంస్థలకు 5 శాతం, మధ్య తరహా సంస్థలకు 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. మూడేళ్లకు 1,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఎంపిక చేసిన 14 రంగాలలో ఆహార శుద్ధి, మత్స్య రంగం కూడా ఉండడం మన తీరానికి సంబంధించిన విషయం. యంత్రం కొనడానికి ముందు ఇంధన తనిఖీకి, కొన్న తరువాత ఎంత మిగిలిందో కొలవడానికి కూడా ఈ పథకం సహాయం చేస్తుంది. నాకు వడ్డీ రాయితీ కంటే ఈ కొలత నిబంధనే ఎక్కువ విలువైనదిగా కనిపించింది. కొలవకుండా యంత్రం మార్చడం వల్ల ఎవరికీ మేలు జరగదు కాబట్టి, మా పనినీ కొలతతోనే మొదలుపెట్టాము.

ఆగస్టు 9

బాయిలర్‌లోకి వెళ్లే కట్టెను కొన్నాళ్లపాటు కాటా మీద తూచి వేయించాము. సరుగుడు మొద్దులు, సుబాబుల్ కొమ్మలు, అవి దొరకనప్పుడు చిల్లకంప, అన్నీ కలిపి రోజుకు సగటున 180 కిలోలు కాలుతున్నాయి. తోలకంతో కలిపి కిలోకు 5 రూపాయలు పడుతోంది. జనవరి నుంచి పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు మొదలైతే ఇదే కట్టెకు గిరాకీ పెరిగి ధర ఇంకా ఎక్కుతుంది. ఆరిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో కేలరీల వేడినిస్తుందని తీసుకుంటే, రోజుకు 6,30,000 కిలో కేలరీలను మేము కాలుస్తున్నామన్న మాట.

ఇక ఆ వేడిలో ఎంత భాగం పనికి వస్తోందో చూడాలి. పాశ్చరైజర్ గంటకు 1,000 లీటర్లు నడుస్తుంది. బయటికి వెళ్లే వేడి పాలు లోపలికి వచ్చే చల్లని పాలను వేడెక్కించే ఏర్పాటు అందులో ముందే ఉంది కాబట్టి, కావలసిన వేడిలో 85 శాతం పాల నుంచి పాలకే అందుతుంది. బయటి నుంచి ఇవ్వవలసినది మిగిలిన 15 శాతం మాత్రమే, అంటే గంటకు సుమారు 9,800 కిలో కేలరీలు. ఐదు గంటలకు అది 57 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి. గొట్టాలు కడగడానికి 600 లీటర్ల నీటిని 28 నుంచి 75 డిగ్రీలకు తేవడానికి 33 యూనిట్లు, క్యాన్లకు, ట్రేలకు 1,500 లీటర్లను 50 డిగ్రీలకు తేవడానికి 38 యూనిట్లు కావాలి. అన్నీ కలిపితే 128 యూనిట్లు, అంటే 1,10,000 కిలో కేలరీలు. కాల్చిన కట్టెలో వందకు 18 పాళ్లకు మించి పనికి రావడం లేదు. మిగిలినది పొగగొట్టం గుండా, వేడి పోకుండా పైపొర చుట్టని గొట్టాల గుండా, ప్రతి తెల్లవారుజామునా చల్లారిన బాయిలర్‌ను మళ్లీ కాచడంలోనూ పోతోంది.

ఈ లెక్క నన్ను పెద్దగా ఆశ్చర్యపరచలేదు. చిన్న బాయిలర్లు, అందులోనూ ఆగి ఆగి నడిచేవి, ఎక్కడైనా ఇలాగే ఉంటాయి. ఆలోచింపజేసిన లెక్క రెండోది. వచ్చిన 5,000 లీటర్ల పాలను సుమారు 33 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు చల్లబరచాలంటే, వాటి నుంచి దాదాపు 160 యూనిట్ల వేడిని తీసివేయాలి. అందుకు కంప్రెసర్లు 50 యూనిట్లకు పైగా కరెంటు తీసుకుంటున్నాయి. ఆ కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది. కనుక శీతల యంత్రాల వెనుక ఫ్యాన్ల గుండా రోజుకు 210 యూనిట్ల వేడి ఆరుబయటికి పోతోంది. మాకు కావలసినది 128. అంటే ఈ కేంద్రం తనకు అవసరమైన దానికంటే ఎక్కువ వేడిని ఒక గోడకు ఇవతల గాలిలోకి వదిలేస్తూ, ఆ గోడకు అవతల కట్టెలు కాలుస్తోంది.

హీట్ పంపు చేసే పని అంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. అది వేడిని పుట్టించదు. తక్కువ ఉష్ణోగ్రత ఉన్న చోటు నుంచి వేడిని తీసుకుని, కంప్రెసర్‌తో పైకి ఎత్తి, ఎక్కువ ఉష్ణోగ్రత కావలసిన చోట వదులుతుంది. మన ఇళ్లలోని ఫ్రిజ్, ఏసీ చేసేదీ ఇదే. ఎత్తవలసిన డిగ్రీలు ఎంత తక్కువైతే అంత తక్కువ కరెంటు సరిపోతుంది. కాబట్టి హీట్ పంపుకు బయటి గాలిని కాకుండా, శీతల యంత్రాలు వదిలే 40 డిగ్రీల గాలిని అందించాలన్న నిర్ణయం ఇవాళే జరిగింది.

ఆగస్టు 24

బాయిలర్లను హీట్ పంపులతో మార్పించడంలో ఇతర ప్రభుత్వాలు ఏం చేశాయో పాలకవర్గానికి వివరించవలసి వచ్చింది. ఇందులో మనం నేర్చుకోవలసినదీ ఉంది, మనకు పనికిరానిదీ ఉంది.

బ్రిటన్ 2022 మే నెలలో ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ మార్పిడి పథకాన్ని ప్రారంభించి, గాలి నుంచి వేడి తీసుకునే హీట్ పంపుకు మొదట 5,000 పౌండ్లు, 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్లు గ్రాంటుగా ఇస్తోంది. మన డబ్బులో అది ఎనిమిది లక్షల రూపాయలకు పైమాటే. 2028 నాటికి ఏటా 6 లక్షల హీట్ పంపులు అమర్చాలన్నది ఆ దేశపు లక్ష్యం. వాటిపై విలువ ఆధారిత పన్ను 2027 మార్చి వరకు సున్నా. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి బాయిలర్లు తయారుచేసే కంపెనీలు తమ అమ్మకాలలో 6 శాతానికి సమానమైన హీట్ పంపులు చూపాలని, చూపలేకపోతే తగ్గిన ఒక్కొక్క దానికి 500 పౌండ్లు కట్టాలని నిబంధన కూడా తెచ్చారు. జర్మనీ 2024 జనవరి నుంచి కొత్తగా పెట్టే తాపన యంత్రాలు 65 శాతం పునరుత్పాదక ఇంధనంతో నడవాలనే చట్టాన్ని దశలవారీగా అమలుచేస్తూ, అర్హతను బట్టి ఖర్చులో 70 శాతం వరకు సహాయం ప్రకటించింది.

ఇంత డబ్బు గుమ్మరించినా అక్కడ పని ఎందుకు కష్టమవుతోందంటే, వాళ్ల చలికాలపు గాలి సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి తోడు బ్రిటన్‌లో యూనిట్ కరెంటు ధర యూనిట్ గ్యాస్ ధరకు దాదాపు నాలుగు రెట్లు. హీట్ పంపు ఒకటికి మూడు రెట్లు వేడినిచ్చినా నెలవారీ ఖర్చులో పెద్దగా మిగలదు. మనకు ఈ రెండు ఇబ్బందులూ లేవు. ఒంగోలు గాలి డిసెంబరు తెల్లవారుజామున కూడా బ్రిటన్ వేసవికి తీసిపోదు. హీట్ పంపుకు ఇంతకంటే అనుకూలమైన ప్రదేశం అరుదు. ప్రభుత్వ ప్రోత్సాహం అవసరమైనది చలితో పోరాడే చోట మాత్రమే కాదు, కొద్దిపాటి తోడ్పాటుతో పని పూర్తయ్యే చోట కూడా అవసరమే. ఆ రెండో రకం చోటు మనది.

మన పథకాలలో మాకు దగ్గరగా ఉన్నవి రెండు. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం బ్యాంకు రుణంతో ముడిపడి 35 శాతం పెట్టుబడి రాయితీ ఇస్తుంది. మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ఆహార శుద్ధి సంఘం దాన్ని చూస్తోంది. అదే ఏడాది వచ్చిన పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధి పాల శుద్ధికి తీసుకునే రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. మా కేంద్రం మొదటి పథకానికి దరఖాస్తు చేయాలని పాలకవర్గం తీర్మానించింది.

సెప్టెంబరు 24

మొన్న 22 నుంచి జీఎస్‌టీ కొత్త రేట్లు అమలులోకి వచ్చాయి. సోలార్ వాటర్ హీటర్లపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది మంచి నిర్ణయం. హీట్ పంపుపై మాత్రం 18 శాతం అలాగే ఉంది. ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి మాత్రమే ఇచ్చే గీజర్‌కూ, మూడు యూనిట్ల వేడినిచ్చే ఈ యంత్రానికీ ఒకే పన్ను.

పెద్ద కర్మాగారానికి ఇది పెద్ద సమస్య కాదు. యంత్రంపై కట్టిన పన్నును తన సరుకు మీద వసూలు చేసే పన్నులో సర్దుకుంటుంది. పాల కేంద్రానికి ఆ వీలు లేదు, ఎందుకంటే పాల ప్యాకెట్‌పై జీఎస్‌టీ లేదు. వినియోగదారుడికి అది న్యాయమే, కానీ పన్ను లేని సరుకు అమ్మేవాడు యంత్రంపై కట్టిన పన్నును వెనక్కి తీసుకోలేడు. మాకు వచ్చిన కొటేషన్‌లో హీట్ పంపు ధర పన్ను కాకుండా 6 లక్షల రూపాయలు. 18 శాతం అయితే పన్ను 1,08,000 రూపాయలు, 5 శాతం అయితే 30,000 రూపాయలు. ఈ 78,000 రూపాయల తేడా పాడి రైతుల జేబు నుంచే పోతుంది. ఒక చేత్తో 35 శాతం రాయితీ ఇచ్చి, మరో చేత్తో అందులో కొంత వెనక్కి తీసుకోవడం కంటే, మొదటే పన్ను తగ్గిస్తే దరఖాస్తులు పెట్టుకోలేని చిన్న కేంద్రాలకు కూడా మేలు జరుగుతుంది. ఈ విషయాన్ని పాలకవర్గం తరఫున రాసే వినతిలో మొదటి అంశంగా పెట్టాలని నిశ్చయించాము.

అక్టోబరు 12

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచన తీసుకున్నది హీట్ పంపు కాదు, పాశ్చరైజర్‌లోని ప్లేట్లు, అంటే ఒక పక్క వేడి నీరు, మరో పక్క పాలు పారే పలుచని లోహపు రేకులు.

ఇప్పటి వరకు స్టీమ్‌తో వేడెక్కిన నీరు 90 డిగ్రీల వద్ద పాశ్చరైజర్‌లోకి వెళ్లి 80 డిగ్రీల వద్ద తిరిగి వచ్చేది. పాలు 62 నుంచి 72 డిగ్రీలకు చేరేవి. నీటికీ పాలకూ మధ్య ఆద్యంతం 18 డిగ్రీల అంతరం ఉన్నందున కొన్ని ప్లేట్లే సరిపోయాయి. మేము ఎంచుకున్న హీట్ పంపు 78 డిగ్రీల నీటిని ఇస్తుంది. అంతకు మించి అడిగితే కంప్రెసర్ మీద భారం పెరిగి కరెంటు ఖర్చు ఎక్కువవుతుంది. 78 డిగ్రీల నీరు లోపలికి వెళ్లి 73 వద్ద తిరిగి వస్తే, వేడి చివర 6 డిగ్రీలు, చల్లని చివర 11 డిగ్రీలు, సగటున 8 డిగ్రీల అంతరమే మిగులుతుంది. అదే వేడి పాలకు చేరాలంటే ప్లేట్ల వైశాల్యం రెండింతలకు పైగా ఉండాలి. నీటి ప్రవాహం కూడా గంటకు 1,000 లీటర్ల నుంచి 2,000 లీటర్లకు పెరగాలి. కాబట్టి వేడి చేసే భాగానికి అదనపు ప్లేట్లు, కొత్త సర్క్యులేషన్ పంపు ఆర్డరు పెట్టాము.

బ్రిటన్ ఇళ్లలో ఎదురవుతున్న చిక్కు కూడా సరిగ్గా ఇదే. 70 డిగ్రీల నీటికి తగినట్లు పెట్టిన పాత రేడియేటర్లలోకి హీట్ పంపు ఇచ్చే 50 డిగ్రీల నీటిని పంపితే గది వేడెక్కదు. పెద్ద రేడియేటర్లు పెట్టి, గోడలకు, పైకప్పుకు వేడి పోకుండా పొరలు వేయాలి. బాయిలర్ తీసివేసి ఆ స్థానంలో హీట్ పంపు తగిలించడంతో పని పూర్తయిందని భావించే విధానం ఎక్కడైనా ఇబ్బంది తెస్తుంది. రాయితీ యంత్రం ధరకు మాత్రమే ఇచ్చి, దాన్ని సక్రమంగా నడిపించే ప్లేట్లకు, ట్యాంకులకు, గొట్టాల పైపొరలకు ఇవ్వకపోతే, ఖర్చు తగ్గించుకోవాలని చూసేవారు మొదట కోత పెట్టేది వాటికే. పన్ను కాకుండా మా 9.5 లక్షల మొత్తం అంచనాలో హీట్ పంపు 6 లక్షలు, మిగిలినదంతా ఈ అనుబంధ పనులకే.

క్యాన్లు కడిగే నీటికి హీట్ పంపు అవసరం కూడా లేదని లెక్క తేల్చింది. శీతల కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాస్ ఫ్యాన్ల దగ్గరికి వెళ్లే ముందు ఒక ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ గుండా వెళ్లేలా గొట్టం మళ్లించాము. ఆ ప్లేట్లకు రెండో వైపున పారే నీరు 48 డిగ్రీలకు చేరి, 2,000 లీటర్ల ట్యాంకులో నిల్వ ఉంటుంది. దీనికి అదనపు కరెంటు చిన్న పంపుకు మాత్రమే. 

ఇక్కడి బోరు నీరు ఉప్పగా, గట్టిగా ఉంటుంది. 50 డిగ్రీలు దాటగానే ప్లేట్లకు తెల్లటి పొర పడుతుంది. ఆ పొర ఎంత పల్చనిదైనా వేడిని అడ్డుకుంటుంది కాబట్టి, హీట్ పంపు చుట్టూ తిరిగే నీటిని మూసిన వలయంగా ఉంచి, నీటి గట్టిదనాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ గుండా వచ్చిన నీటితో ఒక్కసారి నింపి వదిలేశాము. కడగడానికి వాడే నీటికి వేరే సాఫ్ట్‌నర్ ఉంది. యంత్రంలో గాలి నుంచి వేడిని పట్టే అల్యూమినియం రెక్కలను సముద్రపు గాలి త్వరగా తినేసే ప్రాంతం ఇది. అందుకని పూత వేసిన రెక్కలున్న యంత్రాన్నే అడిగాము.

లోపలి వాయువు గురించి ఒక మాట. 78 డిగ్రీల వరకు వెళ్లగల యంత్రాలలో మాకు అందుబాటులో ఉన్నది ఆర్134ఎ వాయువుతో నడిచేదే. అది ఓజోన్ పొరకు హాని చేయదు కానీ, గాలిలోకి కారితే కార్బన్ డయాక్సైడ్ కంటే 1,400 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. భారత్ 2021లో ఆమోదించిన, మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణ ప్రకారం ఇటువంటి వాయువుల వాడకాన్ని 2028లో స్తంభింపజేసి, 2032 నుంచి 2047 మధ్య అంచెలుగా 85 శాతం తగ్గించాలి. కనుక ప్రతి అతుకునూ నైట్రోజన్ పీడనంతో పరీక్షించి, ఆ ఫలితాలను నమోదు చేయించాము.

అక్టోబరు 31

మొంథా తుపాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. దాని ప్రభావంతో మన జిల్లాలో భారీ వర్షాలు పడ్డాయి. యంత్రాన్ని రెండడుగుల దిమ్మె మీద పెట్టాలని పట్టుబట్టడం మంచిదైంది, ఎందుకంటే ఆవరణలో నీరు నిలిచింది. షెడ్డులోకి జల్లు కొట్టి కట్టె తడిసింది. తడి కట్టెతో బాయిలర్ ఆవిరి పట్టేసరికి పాల సేకరణ సగం పూర్తయింది.

కరెంటు చాలాసేపు లేదు. పాలకవర్గంలోని ఒక పెద్దాయన ఆ రోజు అడిగిన ప్రశ్న సహేతుకమైనదే: "ఏమయ్యా, కట్టె అయితే ఎప్పుడైనా మండుతుంది, కరెంటు పోతే నీ పంపు ఏం చేస్తుంది?" పాశ్చరైజర్, పాల పంపులు, బాయిలర్‌కు నీరు పెట్టే పంపు అన్నీ కరెంటుతోనే నడుస్తాయి కాబట్టి, కరెంటు లేనప్పుడు బాయిలర్ ఉన్నా పాలు ముందుకు కదలవని, జనరేటర్ వేసినప్పుడు హీట్ పంపు అదనంగా తీసుకునేది 5 కిలోవాట్లలోపేనని ఆయనకు వివరించాను. ఆయన జనరేటర్ సామర్థ్యాన్ని, డీజిల్ ఖర్చును స్వయంగా లెక్క చూసుకున్నాకనే ఒప్పుకున్నారు. ట్యాంకు పైపొర పనితనం కూడా ఈ వర్షంలోనే తేలింది. రాత్రంతా కదలకుండా ఉన్న నీరు మూడు డిగ్రీలే చల్లారింది.

నవంబరు 16

హీట్ పంపు నడుస్తోంది.

మొదట కొన్ని పూటలు ఒక చిక్కు వచ్చింది. పాశ్చరైజర్ నుంచి తిరిగి వచ్చే నీరు 75 డిగ్రీలు దాటినప్పుడల్లా హీట్ పంపు అధిక పీడనం చూపి ఆగిపోయేది. నీరు చల్లబడితే పాలు 72 డిగ్రీలకు చేరేవి కావు, అప్పుడు మళ్లింపు వాల్వు వాటిని వెనక్కి పంపేది. ఆ వాల్వు సరిగ్గా పనిచేయడం సంతోషకరమే. తక్కువ కాగిన పాలు ఒక్క చుక్క కూడా ప్యాకెట్లలోకి పోలేదు. ప్యాకింగ్ మధ్యలో పాల ప్రవాహం తగ్గినప్పుడు నీటి వేడి తీసుకునేవారు లేక ఇలా జరుగుతోందని నమోదులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. 300 లీటర్ల చిన్న ట్యాంకును వలయంలో చేర్చి, పాల ప్రవాహాన్ని బట్టి కంప్రెసర్ వేగం మారేలా అమర్చడంతో సమస్య తీరింది.

ఇప్పుడు నీరు 78 డిగ్రీల వద్ద నిలకడగా ఉంటోంది. వేడి మీటరును, కరెంటు మీటరును కలిపి చూస్తే, ఒక యూనిట్ కరెంటుకు 3.2 యూనిట్ల వేడి వస్తోంది. శీతల యంత్రాలు ఆగి ఉన్న వేళ, అంటే బయటి గాలిని పీల్చవలసి వచ్చినప్పుడు, ఇది 2.8కి పడిపోతోంది. వృథాగా పోయే 40 డిగ్రీల గాలిని వాడుకోవడం వల్ల వచ్చిన లాభం ఆ తేడాయే. కాబట్టి పాశ్చరైజింగ్ వేళలను పాల సేకరణ వేళలతో కలిపేశాము.

అమ్మినవారి కరపత్రంలో ఈ యంత్రానికి 4.5 అని రాసి ఉంది. ఆ అంకె అబద్ధం కాదు. నీటిని 55 డిగ్రీల వరకు మాత్రమే వేడిచేసినప్పుడు వచ్చేది అది. మాకు కావలసినది 78. కొనేవారికి ఈ తేడా ఎవరు చెప్పాలి? ఫ్రిజ్ మీద, ఏసీ మీద, గీజర్ మీద ఇంధన సామర్థ్య బ్యూరో నక్షత్రాల గుర్తు చూసి మన ఇళ్లలో అందరూ కొంటున్నారు. వాణిజ్య స్థాయి హీట్ పంపు మీద కూడా మన వాతావరణంలో, 55 డిగ్రీలకు ఎంత, 75 డిగ్రీలకు ఎంత అని విడివిడిగా పరీక్షించి ముద్రించడం తప్పనిసరి చేస్తే, రాయితీ ఒక్క రూపాయి పెంచకుండానే ఎందరో సరైన యంత్రాన్ని ఎంచుకోగలుగుతారు.

నవంబరు 23

బాయిలర్ విషయంలో చట్టపరమైన పనులు చూశాము. 1923 నాటి చట్టం స్థానంలో ఈ ఏడాది కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. పీడనంతో ఆవిరిని పుట్టించే, 25 లీటర్లకు మించిన పాత్రకు సాధారణంగా రిజిస్ట్రేషన్, వార్షిక తనిఖీ, అర్హత ఉన్న అటెండెంటు అవసరం. 100 డిగ్రీల లోపు వేడినీటి వ్యవస్థకు ఇవి వర్తించవు. ఈ వెసులుబాటు చిన్న కేంద్రాలకు డబ్బులోనూ, భద్రతలోనూ పెద్దది.

అటెండెంటుగా ఇన్నేళ్లు తెల్లవారుజామునే వచ్చి పొగలో నిలబడిన మనిషి ఉద్యోగం పోకూడదని నేను మొదటి సమావేశంలోనే అడిగాను, పాలకవర్గం దానికి కట్టుబడింది. ఇప్పుడు మీటర్ల రీడింగులు రాసేది, సాఫ్ట్‌నర్‌కు ఉప్పు వేసేది, ఎక్స్‌ఛేంజర్ వడపోతలు శుభ్రం చేసేది ఆయనే. ఏ పంపు శబ్దం మారినా అందరికంటే ముందు పసిగట్టేదీ ఆయనే.

డిసెంబరు 21

మొదటి నెల లెక్క తేలింది. హీట్ పంపు రోజుకు 90 యూనిట్ల వేడిని అందించడానికి సగటున 28 యూనిట్లు, పంపులు 4 యూనిట్లు తీసుకుంటున్నాయి. క్యాన్ల నీటికి కావలసిన 38 యూనిట్ల వేడి శీతల యంత్రాల నుంచి ఉచితంగా వస్తోంది. యూనిట్‌కు 7 రూపాయలు వేసుకుంటే రోజుకు 225 రూపాయలు. కట్టె ఖర్చు 900 రూపాయలు ఉండేది. ఏడాదికి దాదాపు రెండున్నర లక్షలు మిగులుతాయి. పన్నుతో కలిపితే పెట్టుబడి తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది, 35 శాతం రాయితీ అందితే మూడేళ్లలోపే వస్తుంది. కట్టెను మార్చే చోట రాయితీ లేకుండా ఈ గడువు ఎక్కువే. డీజిల్ లేదా గీజర్లు వాడే ఆసుపత్రులలో, హోటళ్లలో దీనికంటే చాలా తొందరగా తిరిగి వస్తుంది. అందువల్ల రాయితీ డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు అది కట్టె కాల్చే చిన్న సంస్థలకే ముందు చేరాలని నా అభిప్రాయం.

కరెంటు వేళల విషయం ఒకటి మిగిలింది. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం, సౌర విద్యుత్ ఎక్కువగా ఉండే పగటి ఎనిమిది గంటలలో ధర మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పాశ్చరైజర్ పనిని పాల వేళలకు కట్టేశాము కాబట్టి దాన్ని కదపలేము, కానీ గొట్టాలు కడిగే నీటిని మధ్యాహ్నమే కాచి నిల్వ చేయవచ్చు. అప్పటి గాలి కూడా వేడిగా ఉంటుంది కనుక రెండు విధాలా లాభం. జపాన్‌లో 2001 నుంచి రాత్రి చౌక కరెంటుతో నీరు కాచే హీట్ పంపులు ఇంటింటికీ చేరాయి. ఇప్పుడు అక్కడి కంపెనీలే పగటి ఎండ వేళకు నడిచే రకాలను తెస్తున్నాయి. మనం ఆ రాత్రి దశలోకి వెళ్లకుండా నేరుగా పగటికే రావచ్చు.

పాలకవర్గం సంతకాలతో పంపిన వినతిలో నాలుగు విషయాలు రాశాము. హీట్ పంపుపై జీఎస్‌టీని సోలార్ హీటర్‌తో సమానంగా 5 శాతానికి తేవడం, మన వాతావరణానికి తగిన నక్షత్ర గుర్తింపు, రాయితీని ప్లేట్లకు, ట్యాంకులకు కూడా వర్తింపజేయడం మొదటి మూడు. నాలుగోది అన్నిటికంటే సులభమైనదని నేను నమ్ముతున్నాను. 2014 నుంచి నడుస్తున్న జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమం కింద గ్రామాలలో పాల శీతలీకరణ ట్యాంకులను ప్రభుత్వ సహాయంతో పెడుతున్నారు. అలా పెట్టే ప్రతి ట్యాంకుకూ వేడిని తిరిగి పట్టుకునే ఎక్స్‌ఛేంజర్ తప్పనిసరి అని టెండరు నిబంధనలలో ఒక్క వాక్యం చేర్చితే చాలు. పాలు చల్లబడుతున్నంతసేపూ క్యాన్లు కడగడానికి వేడినీరు తయారవుతుంది. దానికి కొత్త పథకం అక్కరలేదు, కొత్త శాఖ అక్కరలేదు.

నిబంధన వచ్చే వరకు ఆగకుండా, మా కేంద్రానికి పాలు పంపే గ్రామాలలో ఒక శీతలీకరణ ట్యాంకుకు ఆ ఎక్స్‌ఛేంజర్ పెట్టి చూపాలని పాలకవర్గం అంగీకరించింది. సామాను ఆర్డరు వెళ్లింది, సంక్రాంతి తరువాత అమర్చుతాము. పాత బాయిలర్‌ను వేసవి సేకరణ ముగిసే వరకు అత్యవసరానికి ఉంచి, ఆ తరువాత తీసివేస్తారు.